చెప్పని ముచ్చట పాటైంది
బొగ్గు బాయిల కథలో పుట్టిన ‘ఓరి వారీ’

గోదావరిఖని: బొగ్గు బాయిల ఊరు అనగానే ఎవరికైనా సైరన్ మోత, షిఫ్టు దిగి వచ్చే కార్మికుల నల్లని ముఖాలు, కాజీపేట - బల్లార్షా లైను మీద బారులు తీరిన గూడ్సు వ్యాగన్లు గుర్తుకు వస్తాయి. ఈ ప్రాంతపు పాట అన్నా అంతే. కూలి పాట, సమ్మె పాట, జెండా పాట. ‘ఊరు మనదిరా’ అంటూ పల్లెపల్లెనూ కదిలించిన గూడ అంజయ్యది గోదావరి అవతలి ఒడ్డున దండేపల్లి మండలం లింగాపూర్. ఆయన 2016లో కన్నుమూసే దాకా ఆ పాటతోనే ఊరూరా గుర్తింపు పొందారు. ప్రేమ పాటకు మాత్రం ఈ గడ్డ ఏనాడూ పెట్టింది పేరు కాదు.

అటువంటి చోటు కథతో 2023లో ఒక సినిమా వచ్చింది. అందులో ఒక పాట ఉంది. చిన్ననాడు తోటి పిల్ల మీద పుట్టిన మమతను పెద్దయ్యాక కూడా నోరు తెరిచి చెప్పలేకపోయిన కుర్రవాడి పాట అది. సినిమా పేరు ‘దసరా’. పాట పేరు ‘ఓరి వారీ’.

‘వారీ’ అనే మాటకు ఈ జిల్లాల వారికి అర్థం చెప్పనక్కరలేదు. పొలం గట్టు మీద, చాయ్ హోటల్ ముందు, బస్టాండులో సోపతిగాళ్లు ఒకరినొకరు పిలుచుకొనే పిలుపు అది. ఇంట్లో చెల్లినో తమ్ముడినో ముద్దుగా పిలిచేటప్పుడు వచ్చే గొంతు వేరు, ‘వారీ’ అన్నప్పుడు వచ్చే గొంతు వేరు. అందులో చనువుంది, కొంచెం జాలి కూడా ఉంది. దెబ్బ తగిలి వచ్చిన దోస్తు భుజం మీద చెయ్యి వేసి అనే మాట. ఈ ఒక్క పిలుపును పాటకు తలకట్టుగా పెట్టడంతోనే సగం పని అయిపోయింది. ఎవరో దూరం నుంచి పాడుతున్నట్లు గాక, పక్కన కూచున్నవాడు మనసు తెలిసి ఓదార్చినట్లు ఉంటుంది వినడానికి.

ముగ్గురు పిల్లలు, ఒక ఊరు

కథ జరిగే వీర్లపల్లి అనే ఊరు సినిమా కోసం కల్పించినది. అయితే అది సింగరేణి గనుల పక్క పల్లె అని ఈ ప్రాంతం వారు మొదటి దృశ్యంలోనే పోల్చుకుంటారు. ధరణి, సూరి, వెన్నెల అనే ముగ్గురు పిల్లలు కలిసి పెరుగుతారు. ధరణి పిరికివాడు. సూరి ధైర్యవంతుడు. ధరణికి వెన్నెల అంటే పసితనం నుంచే ప్రాణం. కాని తన జిగ్రీ దోస్తు సూరి కూడా ఆ పిల్లనే ఇష్టపడుతున్నాడని తెలుస్తుంది. అంతే, వచ్చిన మాటను గొంతులోనే మింగేస్తాడు. పెరిగి పెద్దవాడై నడిచే గూడ్సు బండ్ల మీద బొగ్గు దొంగిలించి బతుకుతాడు. వెన్నెల అంగన్‌వాడీ టీచరవుతుంది. ఆమె మనసు సూరి మీదే. ధరణి ఆ ఇద్దరి పెండ్లికి తానే ముందు నిలబడతాడు. ఊరి రాజకీయమంతా ఒక సారా దుకాణం కన్న పెద్దదైన ‘సిల్కు బారు’ చుట్టూ తిరుగుతూ ఉంటుంది. పెండ్లినాటి రాత్రే సూరి హత్య జరుగుతుంది. అక్కడి నుంచి కథ పగ దారి పట్టి, దసరా నాటి రావణ దహనం దగ్గర ముగుస్తుంది.

పగ కథ సంగతి ఎలా ఉన్నా, దానికి వేరు మాత్రం ఈ చెప్పని ముచ్చటే. అది లేకపోతే ధరణి కత్తి పట్టేవాడూ కాడు, సినిమా ఆడేదీ కాదు.

దర్శకుడు శ్రీకాంత్ ఓదెల గోదావరిఖని ప్రాంతంలో పెరిగినవారు. అంతకు ముందు సుకుమార్ దగ్గర ‘నాన్నకు ప్రేమతో’ (2016), ‘రంగస్థలం’ (2018) చిత్రాలకు పనిచేశారు. ఆయనకు ఇదే మొదటి చిత్రం. ధరణిగా నాని, వెన్నెలగా కీర్తి సురేష్, సూరిగా దీక్షిత్ శెట్టి నటించారు. పాటను శ్రీమణి రాశారు. బాణీ కట్టినది తమిళనాడుకు చెందిన సంతోష్ నారాయణన్. 2012లో ‘అట్టకత్తి’ అనే తమిళ చిత్రంతో పేరు తెచ్చుకొని, తరువాత రజనీకాంత్ ‘కబాలి’కి (2016) సంగీతం ఇచ్చినది ఆయనే. విశేషమేమిటంటే ‘ఓరి వారీ’ని మరో గాయకుడికి ఇవ్వకుండా తానే పాడారు. తెలుగు మాతృభాష కాని మనిషి, అందునా కరీంనగర్ యాసలో పాడటమంటే సాహసమే. అయినా ఆ గొంతులో మెరుగు పెట్టిన నునుపు లేకపోవడమే పాటకు కలిసి వచ్చింది. గొప్ప గాయకుడు పాడి ఉంటే ధరణి లాంటి వాడు పాడినట్లు ఉండేది కాదేమో.

పాటను 2023 ఫిబ్రవరిలో, పట్నాల్లో ప్రేమికుల దినం అని జరుపుకొనే రోజుకు ముందు విడుదల చేశారు. సినిమా మార్చి 30న, శ్రీరామనవమి నాడు వచ్చింది. అదే సినిమాలో కాసర్ల శ్యాం రాసిన ‘చమ్కీల అంగీలేసి’ పెండ్లి బరాతుల్లో డీజేల మీద మారుమోగింది. తాగుబోతు మొగుని మీద పెండ్లాం దెప్పిపొడుపు గనుక ఆడా మగా అందరూ ఎగిరారు. ‘ఓరి వారీ’ బరాతుకు పనికి వచ్చే పాట కాదు. అది చెవిలో వైరు పెట్టుకొని, రాత్రి షిఫ్టు బస్సులో కిటికీ పక్క సీట్లో కూచుని వినే పాట.

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ధరణి కల్పిత పాత్ర. ఫలానా ఊరి ఫలానా వాని జీవితంలో జరిగిన కథ ఇది అని ఎవరూ చెప్పలేదు. అయినా విన్న ప్రతివాడూ తన ఊళ్లో ఒక ధరణిని వెతుక్కున్నాడు. ఐదో తరగతి దాకా ఒకే పలక మీద రాసుకున్న పిల్ల, ఏడో తరగతికి రాగానే మాట్లాడటం మానేస్తుంది. పదో తరగతి తరువాత పెండ్లి అవుతుంది. పందిరి గుంజలు పాతేది, కుర్చీలు మోసేది, వంటల దగ్గర నీళ్ల డ్రమ్ములు నింపేది ఆ తోటి పిల్లగాడే. కులం వేరైతే ఆ ముచ్చట అసలు ఎవరి నోటా రాదు. పల్లెలో పుట్టి పెరిగిన వారికి ఇది కొత్త సంగతి కాదు.

దేవదాసు నాటి నుంచి

చిన్ననాటి చెలిమి చేతికి అందకుండా పోవడం తెలుగు పాటకు పాత సరుకే. దానికి తాత ‘దేవదాసు’. బెంగాలీ రచయిత శరత్‌చంద్ర ఛటర్జీ ఆ నవలను పడుచు వయసులోనే రాసినా అది అచ్చయినది 1917లో. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వినోదా వారు తీసిన తెలుగు చిత్రం 1953 జూన్ 26న విడుదలైంది. దేవదాసుగా అక్కినేని నాగేశ్వరరావు, పార్వతిగా సావిత్రి. పాటలు సముద్రాల రాఘవాచార్యులు, గొంతు ఘంటసాల. సంగీతం కూర్చిన సి.ఆర్. సుబ్బరామన్ చిన్న వయసులోనే 1952లో చనిపోయారు. తాను కట్టిన బాణీలు ఊరూరా మైకు సెట్ల మీద మోగడం ఆయన వినలేదు. తాగినవాని మత్తు కళ్ల కోసం రాత్రి పూట షూటింగు పెట్టించుకొని, పెరుగన్నం తిని నిద్ర ఆపుకుంటూ నటించానని అక్కినేని తరువాత చెప్పుకొన్నారు.

టూరింగు టాకీసుల రోజుల నుంచి ఈ జిల్లాల్లో ‘జగమే మాయ’ రాని జాతర లేదు. కల్లు మండువలో అయితే చెప్పనే అక్కరలేదు. నిజానికి ‘దేవదాసు’ పుణ్యమా అని ప్రేమ విఫలమైతే సీసా పట్టుకోవాలన్నది ఒక ఆచారం లాగా తయారైంది. దేవదాసుకూ ధరణికీ మధ్య తేడా మాత్రం గమనించదగినది. పార్వతి దేవదాసును ప్రేమించింది. అర్ధరాత్రి వాని గదికి వచ్చి మరీ అడిగింది. పరువు చూసుకొని వెనకాడినవాడు దేవదాసే. అతనిది చేజేతులా పోగొట్టుకున్నవాని ఏడుపు. ధరణికి పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. ఆ పిల్లకు తన మనసు తెలియనే తెలియదు. దేవదాసు కథలో తప్పు ఉంది కనుక మనిషికి తిట్టుకోవడానికి ఏదో దొరుకుతుంది. ఇక్కడ తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేరు. పాట అంత మెత్తగా నడవడానికి కారణం అదే కావచ్చు.

ఆ రకంగా చూస్తే ‘ఓరి వారీ’కి దగ్గరి చుట్టం ‘దేవదాసు’ కన్న ‘మూగమనసులు’ (1964). ముళ్లపూడి వెంకటరమణ కథ, ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వం. పడవ నడిపే గోపి, జమీందారు గారి బిడ్డ రాధ. ఆ అభిమానానికి పేరు పెట్టుకొనే ధైర్యం గోపికి లేదు. అతని మీద మనసు పడిన గౌరి గోడు అతనికి పట్టదు. ఆ గౌరి పాత్రకు, కె.వి. మహదేవన్ బాణీలో సుశీల పాడిన ‘గోదారి గట్టుంది’ రాసినది ఓరుగల్లు ప్రాంతపు దాశరథి. తెలంగాణ కవి కలం నుంచి కోనసీమ గోదారి గట్టు వచ్చింది. బాసర దగ్గర తెలంగాణలోకి వచ్చి, ధర్మపురి, గోదావరిఖని, కాళేశ్వరం మీదుగా పోయేది ఆ నీరే గదా. ఇక్కడి గట్టు పాట సినిమాకు ఎక్కడానికి మాత్రం ఇంకా చాలా యేళ్లు పట్టింది.

యాసకు దక్కిన ఏడుపు

అసలు సంగతి ఇక్కడే ఉంది. సినిమాల్లో తెలంగాణ మాట చాలాకాలం నవ్వించడానికో, రౌడీ వేషానికో పనికి వచ్చింది. హీరో ప్రేమలో పడితే, ఏడిస్తే, అమ్మ కాళ్లు పట్టుకుంటే కృష్ణా జిల్లా మాటే మాట్లాడాలి. ఇందుకు మినహాయింపులు లేకపోలేదు. గౌతం ఘోష్ తీసిన ‘మా భూమి’ (1980), బి. నర్సింగరావు ‘దాసి’ (1988) ఈ నేల మాటకు గౌరవం ఇచ్చాయి. అయితే అవి గడీల మీద, దొరల మీద తీసిన చిత్రాలు. పోరాటానికి యాస ఉంది, మనసుకు లేదు.

పాట సంగతి కూడా అంతే. సినిమా పాటకు కరీంనగర్ జిల్లా ఇచ్చిన పెద్ద పేరు సి. నారాయణరెడ్డి. వేములవాడ దగ్గరి హన్మాజీపేట. ఒగ్గు కథతో పేరు పొందిన మిద్దె రాములుదీ ఆ ఊరే. ఉర్దూ మీడియంలో చదువుకున్న సినారె పసితనంలో విన్న హరికథలు, జానపద పాటలే తనకు తొలి బడి అని చెప్పుకొనేవారు. 1962లో ‘గులేబకావళి కథ’తో మొదలుపెట్టి దాదాపు 3 వేల సినిమా పాటలు రాశారు. ‘విశ్వంభర’కు 1988 జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. 2017లో మరణించారు. అంతటి మనిషి రాసిన ప్రేమ పాటల్లో రాణివాసం, వెన్నెల, వీణ, ఉర్దూ గజల్ తళుకు కనిపిస్తాయి గాని, హన్మాజీపేట పిల్లగాడు పొలం గట్టు మీద మాట్లాడుకొనే భాష అరుదుగా వినిపిస్తుంది. తప్పు ఆయనది కాదు. అప్పటి నిర్మాత అడిగినది అది, రాసినది అది.

పల్లె పాటల్లోనైనా మగవాని చెప్పుకోలేని ప్రేమ తక్కువే. బిరుదురాజు రామరాజు గారు ఊరూరా తిరిగి పోగుచేసి 1958లో వెలువరించిన ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ నాటి నుంచి అచ్చయిన సంకలనాలు తిరగేస్తే బావామరదళ్ల సరసాలు, అత్తింటి ఆరళ్లు, బతుకమ్మ పాటల్లో పుట్టింటి బెంగ కొల్లలుగా దొరుకుతాయి. దుఃఖం ఆడవాళ్ల పాలు, చిలిపితనం మగవాళ్ల పాలు. ఒక మగపిల్లవాడు తన వైపు తిరిగి చూడని పిల్ల కోసం, ఆమెను తిట్టకుండా, ఏడవటం ఆ పాటల్లో గట్టిగా వెతికితే గాని దొరకదు.

2023 మార్చి నెల ఈ లెక్కన గుర్తుంచుకోవలసినది. ఆ నెల 3న ‘బలగం’, 30న ‘దసరా’ వచ్చాయి. మొదటిది సిరిసిల్లకు చెందిన వేణు ఎల్దండి తీసినది. కోనరావుపేట మండలం కొలనూరులో చిత్రీకరణ జరిగింది. రెండోది బొగ్గు బాయిల కథ. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టిన తరువాత సిరిసిల్ల ఒక జిల్లా, గోదావరిఖని ఉన్న పెద్దపల్లి ఒక జిల్లా అయినాయి గాని, రెండూ పాత కరీంనగరే. ఒకే నెలలో పాత జిల్లాకు చెందిన ఇద్దరు కొత్త దర్శకులు, ఇక్కడి చావునూ ఇక్కడి ప్రేమనూ ఇక్కడి మాటలోనే చూపించారు. ‘బలగం’లో కాకి ముట్టని పిండాన్ని చూసి ఏడ్చినవారే, నాలుగు వారాల తరువాత ధరణిని చూసి ఏడ్చారు. ‘దసరా’కు 2024లో ఇచ్చిన ఫిలింఫేర్ అవార్డుల్లో ఉత్తమ నటుడు, ఉత్తమ నటి బహుమతులు నాని, కీర్తి సురేష్‌లకు దక్కాయి. కొత్త దర్శకునిగా శ్రీకాంత్ ఓదెల కూడా బహుమతి అందుకున్నారు.

కెనడాలో ఒక పదిహేనేళ్ల పిల్లగాడు

చెప్పుకోలేని వయసు మనకు మాత్రమే రాదు. కెనడా రాజధాని ఒట్టావాలో సిరియా, లెబనాన్ మూలాలున్న కుటుంబంలో 1941లో పుట్టిన పాల్ ఆంకా అనే కుర్రవాడికి, తనకన్న వయసులో పెద్దదైన ఒక అమ్మాయి మీద మనసైంది. చర్చిలో, వీధిలో కనిపించేది. ఆమెకు ఈ పిల్లవాని మీద అటువంటి ఆలోచనే లేదు. అతడు ఆ బాధనే పాటగా కట్టి, న్యూయార్క్ వెళ్లి ఒక రికార్డింగు కంపెనీలో డాన్ కోస్టా అనే సంగీతకారుని ఎదుట పియానో వాయించి వినిపించాడు. 1957లో ఆ అమ్మాయి పేరుతోనే ‘డయానా’ రికార్డు విడుదలైంది. అప్పటికి అతనికి దాదాపు పదహారేళ్లు. బ్రిటన్‌లో ఆ పాట 9 వారాల పాటు మొదటి స్థానంలో నిలిచింది. అమెరికాలోనూ అగ్రస్థానానికి వెళ్లింది. లక్షల మీద లక్షలు రికార్డులు అమ్ముడుపోయాయి.

అక్కడ పిల్లవాడు తన ప్రేమను పేరు పెట్టి, ఊరంతా వినేలా పాడాడు. ఆ అమ్మాయి తాను కోరుకున్నా కోరుకోకపోయినా దేశమంతా పేరు తెలిసిన మనిషైపోయింది. ధరణి నోట వెన్నెల పేరు ఆ రకంగా రాదు. మన పల్లెల్లో పేరు బయటికి వస్తే నష్టపోయేది ఎవరో వానికి తెలుసు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. తెలుగు సినిమా ఒకవైపు ప్రేమను ఎన్నో యేళ్లుగా మరో దారిలో నడిపింది. పిల్ల వద్దన్నా వెంటపడటం, బస్సు దిగేదాకా కాపలా కాయడం, చివరికి ఆమె ఒప్పుకోవడం హీరో లక్షణమైంది. ఒప్పుకోని పిల్ల మీద దాడులు జరిగిన వార్తలు ఈ ప్రాంతపు పత్రికల్లో కొత్త కాదు. 2013లో చట్టం మార్చి, ఆడపిల్ల ఇష్టం లేకుండా పదే పదే వెంటపడటాన్ని నేరంగా చేర్చారు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను. మొదటిసారి రుజువైతే మూడేళ్ల దాకా జైలు. చట్టం సంగతి తెలియని పల్లె పోరగాళ్లకు సినిమా పాటే చట్టం. ఆ లెక్కన, వెన్నెల ఇష్టం ఎవరి మీదో తెలుసుకొని పక్కకు తప్పుకొన్న ధరణి పాట నయమే.

అయితే సినిమా ఆ మర్యాదను చివరి దాకా నిలుపుకోలేదనక తప్పదు. సూరి చనిపోయిన తరువాత వెన్నెలకు గాజులు తీసే తంతు జరుగుతుండగా, ధరణి హఠాత్తుగా ఆమె మెడలో తాళి కడతాడు. ఆమెను ఆ దుర్గతి నుంచి కాపాడటానికే కట్టాడని కథ చెబుతుంది. కావచ్చు. కాని అప్పుడూ ఆమెను అడిగినవారు లేరు. పన్నెండేళ్ల పిల్లవాడు చెప్పలేదు, పెద్దయ్యాక అడగలేదు. పాటలో అందంగా కనిపించిన మౌనం తాళి కట్టే దగ్గరకు వచ్చేసరికి వేరే రకంగా కనబడుతుంది. థియేటరులో ఈలలు పడినది మాత్రం అక్కడే.

ఇప్పుడు పాట కోసం మద్రాసు పోనక్కరలేదు, హైదరాబాదు కూడా పోనక్కరలేదు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, మంచిర్యాల చుట్టుపక్కల కుర్రవాళ్లు ఒక కెమెరా, ఒక డప్పు, ఒక చెరువు గట్టు ఉంటే చాలు, పాట తీసి యూట్యూబులో పెడుతున్నారు. అందులో ‘లవ్ ఫెయిల్యూర్’ పాటలని ఒక తెగే తయారైంది. వాటిలో బాణీలు బాగుంటాయి, మాట చక్కటి ఊరి మాట. కాని వినగా వినగా ఒకటి తెలుస్తుంది. ఆ పాటల్లో పిల్ల ఎప్పుడూ మోసం చేసినదే. కట్నం చూసో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చూసో, దుబాయి పైసలు చూసో వేరే వాణ్ణి చేసుకున్నదే. పిల్లగాడు ఎప్పుడూ నిజమైనవాడే. పొలం అమ్మి చదివించినవాడు, తాగి పడిపోయినవాడు. పాపం ఆ పిల్లకు అసలు సంగతే తెలియదన్న పాట మాత్రం వాటిలో చాలా అరుదు.